కనిపించని నూనె: ప్యాకెట్ వెనకవైపు ఏముంది?

ఈసారి మ్యాగజైన్‌కి కథ రాద్దామనుకున్నాను. కానీ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం నన్ను వేరే దారిలో తీసుకెళ్లింది. నేను పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం, ఇప్పుడు సీఎస్ఈ సెకండ్ ఇయర్. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. విషయం మాత్రం మీ అందరి ఇళ్లలోనూ ఉన్నదే.

మా ఊరు జోగిపేట. సంగారెడ్డి దాటి నాందేడ్ వైపు వెళ్లే హైవే మీద ఉంటుంది. మా డాడీ పాశమైలారంలో ఒక కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తారు. పోయిన సెమిస్టర్ హాలిడేస్‌లో ఇంటికి వెళ్తే ఫ్రిజ్ మీద ఆయన బ్లడ్ రిపోర్ట్ కనిపించింది. ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ 168, పక్కన స్టార్ గుర్తు. ఆయన వయసు 47.

డాక్టర్ "నూనె తగ్గించండి" అన్నారట. అమ్మ ఆ మాటని సీరియస్‌గా తీసుకుంది. పూరీలు బంద్, మిర్చి బజ్జీలు బంద్, పోపుకి ఒక్క స్పూన్. నెలకి నాలుగు నూనె ప్యాకెట్లు పట్టేవి, రెండున్నరకి దించింది. మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయిస్తే 161. అంతే. అమ్మ ముఖం చిన్నబోయింది. "ఇంకెంత తగ్గియ్యాలె? నీళ్లల్ల ఉడకబెట్టి పెట్టాల్నా?" అంది.

ఆ సాయంత్రం డాడీ డ్యూటీ బ్యాగులో చార్జర్ కోసం వెతుకుతుంటే నాకు దొరికినవి: ఖాళీ టిఫిన్ బాక్స్, సగం తిన్న క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్, ఒక మిక్స్చర్ ప్యాకెట్ కవర్, రెండు కేకుల రేపర్లు. అడిగితే ఆయన నవ్వి, "నైట్ డ్యూటీల నిద్ర రాకుండ ఏదో ఒకటి నమలాలె గద బిడ్డా. బిస్కెట్ల నూనె యాడుంటది?" అన్నారు.

నిజంగా ఎక్కడుంటుంది? బిస్కెట్ పట్టుకుంటే చేతికి నూనె అంటదు. పేపర్ మీద పెడితే బజ్జీలాగా మరక పడదు. నాకూ తెలీదు. అందుకే చదవడం మొదలుపెట్టాను. అలా చదివి అర్థం చేసుకున్నదే ఈ ఆర్టికల్.

కనిపించేది, కనిపించనిది

న్యూట్రిషన్ వాళ్లు కొవ్వుని రెండు రకాలుగా చెప్తారు. కనిపించే కొవ్వు అంటే మనం చేత్తో పోసేది: నూనె, నెయ్యి, వెన్న. కనిపించని కొవ్వు అంటే తినే పదార్థంలో ముందే కలిసిపోయి ఉన్నది. పాలలో, పల్లీల్లో, మాంసంలో సహజంగా ఉండేది ఇందులోకే వస్తుంది. ప్యాకెట్ ఫుడ్‌లో ఫ్యాక్టరీ వాళ్లు కలిపింది కూడా తినేవాడి కంటికి కనిపించదు.

అమ్మ తగ్గించింది మొదటి రకాన్ని. డాడీ బ్యాగులో ఉన్నది రెండో రకం. అంటే వంటింట్లో లీకేజీ ఆపాం కానీ వేరే పైపు తెరిచే ఉంది.

ఒక క్రీమ్ బిస్కెట్‌లో వంద గ్రాములకి ఇరవై గ్రాముల దాకా కొవ్వు ఉండటం మామూలే. పిండిలో కలిసి బేక్ అయిపోతుంది కాబట్టి తెలీదు. మధ్యలో ఉండే "క్రీమ్" చాలావరకు పాల మీగడ కాదు. చక్కెర, వెజిటబుల్ ఫ్యాట్ కలిపి గిలక్కొట్టిన ముద్ద. ఇంకో ఉదాహరణ మన హాస్టల్ వాళ్లకి షాక్ ఇస్తుంది. రెండు నిమిషాల్లో అయ్యే నూడుల్స్ గడ్డ ఉంది కదా, చాలా రకాల్లో దాన్ని ఫ్యాక్టరీలోనే నూనెలో వేయించి ఆరబెడతారు. అందుకే వేడి నీళ్లు పోయగానే మెత్తబడుతుంది. మనం "ఉడకబెట్టుకుని తింటున్నాం, వేయించింది కాదు" అనుకుంటాం. వేయించడం మనకంటే ముందే ఇంకొకళ్లు చేసేశారు.

ఒక్క బిట్ తేడా

అన్ని కొవ్వులూ చెడ్డవి కావు. కొవ్వు లేకపోతే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి సరిగ్గా పట్టవు. తేడా అంతా కొవ్వు రకంలో ఉంది. ఇంటర్ కెమిస్ట్రీ కొంచెం గుర్తు తెచ్చుకుందాం, భయపడకండి.

కొవ్వులో ప్రధానంగా ఉండేవి ఫ్యాటీ ఆసిడ్లు, అంటే కార్బన్ గొలుసులు. గొలుసులో డబుల్ బాండ్ ఒక్కటి కూడా లేకపోతే అది శాచురేటెడ్. గొలుసు నిటారుగా ఉంటుంది, పక్కపక్కన చక్కగా పేర్చుకుంటుంది, అందుకే మామూలు వేడికి గడ్డగా ఉంటుంది. డబుల్ బాండ్ ఉంటే అన్‌శాచురేటెడ్. సహజ నూనెల్లో ఆ బాండ్ దగ్గర గొలుసు వంగి ఉంటుంది, సరిగ్గా పేర్చుకోలేదు, అందుకే నూనె ద్రవంగా ఉంటుంది. ఈ వంగిన రూపం పేరు సిస్.

ఇప్పుడు అదే డబుల్ బాండ్ దగ్గర ఒక్క హైడ్రోజన్ అటువైపు నుంచి ఇటువైపు మారిందనుకోండి. ఫార్ములా అదే, అణువుల సంఖ్య అదే. కానీ గొలుసు మళ్లీ దాదాపు నిటారుగా అయిపోతుంది. అదే ట్రాన్స్ ఫ్యాట్. పల్లి నూనెలో ఎక్కువగా ఉండే ఓలిక్ ఆసిడ్ సిస్ రూపం, సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. దాని ట్రాన్స్ కవల పేరు ఎలైడిక్ ఆసిడ్, అది కరగాలంటే 45 డిగ్రీల దాకా వేడి కావాలి. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ మొత్తం అదే, ఒక్క బిట్ ఫ్లిప్ అయింది, అవుట్‌పుట్ మారిపోయింది.

"గడ్డకట్టే కొవ్వు కాబట్టి వెళ్లి రక్తనాళాల్లో గడ్డకడుతుంది" అని కొందరు చెప్తారు. అది అంత సింపుల్ కాదు. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని లివర్ తన రిసెప్టర్లతో పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. శాచురేటెడ్ ఫ్యాట్ ఎక్కువైతే ఆ రిసెప్టర్ల పని తగ్గుతుంది. కౌంటర్లు మూసేస్తే క్యూ పెరిగినట్టు రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. ట్రాన్స్ ఫ్యాట్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. ఎల్‌డీఎల్‌ని పెంచడంతో పాటు, మంచిదని చెప్పే హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది కూడా.

న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2006లో వచ్చిన ఒక రివ్యూ ప్రకారం, రోజు తినే ఎనర్జీలో 2 శాతం ట్రాన్స్ ఫ్యాట్ నుంచి వస్తే గుండెజబ్బు రిస్క్ సుమారు 23 శాతం పెరుగుతుంది. 2000 కేలరీల్లో 2 శాతం అంటే 40 కేలరీలు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు కాబట్టి అది నాలుగున్నర గ్రాములు కూడా కాదు. ఒక టీ స్పూన్ నూనె అంత.

డాల్డా కథ

మరి ఎవరు కనిపెట్టారు ఇది? విషం తయారు చేద్దామని ఎవరూ అనుకోలేదు. నూనె త్వరగా చెడిపోతుంది, వెన్న ఖరీదు. చవగ్గా, గట్టిగా, చాలా రోజులు నిలవ ఉండే కొవ్వు కావాలి. 1902లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ ద్రవ నూనెల్లోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. నికెల్ లాంటి లోహం కెటలిస్ట్. పూర్తిగా హైడ్రోజన్ ఎక్కిస్తే శాచురేటెడ్ కొవ్వు వస్తుంది. మధ్యలో ఆపేస్తే, అంటే పార్షియల్‌గా చేస్తే, మిగిలిన డబుల్ బాండ్లలో చాలా ట్రాన్స్‌గా మారిపోతాయి. అదే పార్షియల్లీ హైడ్రోజనేటెడ్ ఆయిల్.

మన దేశంలో దాని పేరు వనస్పతి. 1937లో డాల్డా వచ్చింది. దాదా అనే డచ్ కంపెనీ పేరులో లివర్ కంపెనీ వాళ్ల "ఎల్" ఇరికిస్తే డాల్డా అయింది. ఎంత పాపులర్ అయిందంటే ఏ కంపెనీ వనస్పతి అయినా మనవాళ్లకి డాల్డానే. మా నాయనమ్మ ఇప్పటికీ "పెండ్లిల్ల లడ్డూలు డాల్డాతోనే చేస్తుండె, నెయ్యి యాడికెల్లి వస్తది?" అంటుంది. పసుపు రంగు డబ్బా మీద ఆకుపచ్చ తాటిచెట్టు లాంటి బొమ్మ. కొవ్వు అయిపోయాక ఆ డబ్బాలో తులసి మొక్క నాటని వీధి లేదట.

ఇందులో నాకు బాగా నచ్చిన ఒక విషయం ఉంది. వనస్పతిని నెయ్యిలో కల్తీ చేస్తే చూసి కనిపెట్టడం కష్టం. అందుకని ప్రభుత్వం వనస్పతిలో తప్పనిసరిగా నువ్వుల నూనె కలపాలని రూల్ పెట్టింది. నువ్వుల నూనె ఉంటే బౌడాయిన్ టెస్ట్‌లో ఎర్రటి రంగు వస్తుంది. నెయ్యికి ఆ టెస్ట్ చేసి రంగు వస్తే కల్తీ అని తెలిసిపోతుంది. మనం ఇప్పుడు ఇమేజ్‌లకి పెట్టే వాటర్‌మార్క్ ఐడియా ఎప్పుడో నూనె డబ్బాలోనే ఉంది!

చట్టం ఏం చేసింది

2003లో డెన్మార్క్ ముందుగా కదిలింది. నూనెలు, కొవ్వుల్లో ఫ్యాక్టరీలో తయారైన ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని చట్టం చేసింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రపంచమంతటా తీసేయాలని పిలుపునిచ్చింది. ట్రాన్స్ ఫ్యాట్ వల్ల ఏటా సుమారు 5 లక్షల మంది గుండెజబ్బుతో చనిపోతున్నారని అప్పటి దాని అంచనా.

మన ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ వచ్చింది. 5 శాతం ఉన్న పరిమితి 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం అయింది. నూనెలు వాడి తయారుచేసే ఆహార పదార్థాలకి కూడా అదే 2 శాతం. ఇది నిజంగా మంచి పని. మన చిన్నప్పటి క్రీమ్ బిస్కెట్‌కీ ఇప్పటి క్రీమ్ బిస్కెట్‌కీ ఈ విషయంలో తేడా ఉంది.

అయితే రెండు ఖాళీలు మిగిలాయి.

మొదటిది, లేబుల్ లేని తిండి. బస్టాండ్ దగ్గర బేకరీలో పఫ్, క్రీమ్ రోల్, దిల్‌పసంద్ మీద ఏ లేబులూ ఉండదు. ఏ మార్జరిన్ వాడారో, ఎన్నిసార్లు మరిగిన నూనెలో వేయించారో మనకి తెలిసే దారి లేదు. మరిగించిన నూనెకి కూడా రూల్ ఉంది. 2018 జులై నుంచి టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటిన నూనె వాడకూడదు. కానీ బజ్జీల బండి దగ్గర మనం మీటర్ పెట్టి చూడం కదా. నల్లగా, జిగటగా ఉండి పొగ వస్తుంటే అక్కడ తినకపోవడమే మన మీటర్.

రెండోది ఇంకా ముఖ్యం. దానికి వేరే హెడింగ్ కావాలి.

ట్రాన్స్ పోయింది, మరి దాని సీట్లో ఎవరు కూర్చున్నారు?

ట్రాన్స్ ఫ్యాట్ తీసేశాక కూడా బిస్కెట్ కరకరలాడాలి, క్రీమ్ గట్టిగా నిలబడాలి, ప్యాకెట్ ఆర్నెల్లు చెడిపోకూడదు. అందుకు గట్టి కొవ్వు కావాల్సిందే. ఎక్కువ కంపెనీలకి దొరికిన జవాబు పామాయిల్. చవక, మామూలు వేడికే చిక్కగా ఉంటుంది, త్వరగా ముక్క వాసన రాదు. మన దేశం వాడే వంట నూనెల్లో సగానికి పైగా దిగుమతి చేసుకున్నవే, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే పామాయిల్‌ది. మన రాష్ట్రంలో కూడా అశ్వారావుపేట వైపు తోటలు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇప్పుడు మిగతా జిల్లాలకీ వస్తున్నాయి.

పామాయిల్ విషం కాదు. కానీ అందులో దాదాపు సగం శాచురేటెడ్ ఫ్యాట్. పల్లి నూనెలో అది ఇరవై శాతం లోపు. కుసుమ నూనెలో పది శాతం దగ్గర. అంటే అదే గ్రాము కొవ్వు తిన్నా లివర్ కౌంటర్ల దగ్గర క్యూ వేరుగా ఉంటుంది.

ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలతో "జీరో ట్రాన్స్ ఫ్యాట్" అని ఉంటుంది. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ మనం దాన్ని "జీరో చెడు కొవ్వు" అని చదువుకుంటాం. "జీరో కొలెస్టరాల్" కూడా అంతే. కొలెస్టరాల్ జంతువుల నుంచి వచ్చే కొవ్వుల్లోనే చెప్పుకోదగ్గంత ఉంటుంది. మొక్కల నూనెతో చేసిన చిప్స్ మీద "జీరో కొలెస్టరాల్" అని రాయడం, ఇడ్లీ మీద "ఎముకలు లేవు" అని రాసినట్టు.

ప్యాకెట్ తిప్పి చదవడం ఎలా?

ముందువైపు కంపెనీ చెప్పాలనుకున్నది ఉంటుంది. వెనకవైపు చట్టం చెప్పించింది ఉంటుంది. కాబట్టి వెనక్కి తిప్పండి. నాలుగు స్టెప్పులు చాలు.

ఒకటి, పదార్థాల లిస్ట్ చూడండి. రూల్ ప్రకారం ఎక్కువ బరువు ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలి. మొదటి మూడింటిలో మైదా, చక్కెర, నూనె ఉంటే మిగతా కథ తెలిసినట్టే. ముందువైపు ఓట్స్ బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, లిస్టులో ఓట్స్ ఎక్కడుందో వెతకండి.

రెండు, కొవ్వుకి ఉన్న మారుపేర్లు గుర్తుపెట్టుకోండి. పామోలిన్, ఎడిబుల్ వెజిటబుల్ ఫ్యాట్, షార్టెనింగ్, మార్జరిన్, ఇంటరెస్టెరిఫైడ్ వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఆయిల్. పేర్లు వేరు, కుటుంబం ఒకటే. ఐస్‌క్రీమ్ కప్పు మీద "ఫ్రోజెన్ డెసర్ట్" అని ఉంటే అందులో పాల కొవ్వు బదులు వెజిటబుల్ ఫ్యాట్ వాడారని సాధారణంగా అర్థం.

మూడు, టేబుల్‌లో "శాచురేటెడ్ ఫ్యాట్" లైన్ చూడండి, వంద గ్రాములకి ఎంత అని. 2000 కేలరీలు తినే మనిషికి లేబుల్ రూల్స్ రోజుకి పెట్టుకున్న లెక్క ఇది: మొత్తం కొవ్వు 67 గ్రాములు, అందులో శాచురేటెడ్ 22 గ్రాములు, ట్రాన్స్ 2 గ్రాములు. ఈ 22 అనే నంబర్ ఒక్కటి గుర్తుంటే చాలు.

నాలుగు, "పర్ సర్వ్" అనే మాట దగ్గర ఆగండి. అసలు మాయ ఇక్కడే. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 75 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్, వంద గ్రాములకి శాచురేటెడ్ ఫ్యాట్ 10 గ్రాములు. ఒక సర్వ్ అంటే 15 గ్రాములు అని రాసుంటే, సర్వ్‌కి ఒకటిన్నర గ్రాములు, రోజు లెక్కలో 7 శాతం. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 15 గ్రాములంటే ఒకటో రెండో బిస్కెట్లు. సెమిస్టర్ ఎగ్జామ్ ముందు రాత్రి ఒక్క బిస్కెట్ తిని ప్యాకెట్ మడిచి పెట్టిన వాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. ప్యాకెట్ మొత్తం తింటే ఏడున్నర గ్రాములు, 34 శాతం.

దానికి 50 గ్రాముల చిప్స్ కలపండి, వందకి 14 చొప్పున 7 గ్రాములు. రాత్రి పన్నెండుకి 70 గ్రాముల నూడుల్స్, వందకి 8 చొప్పున 5.6 గ్రాములు. మొత్తం 20.1. రోజు కోటా 22లో ఇంకా రెండు గ్రాములు కూడా మిగల్లేదు. మెస్‌లో తిన్న మూడు పూటల తిండి ఇంకా లెక్కలోకి రానే లేదు.

ఈ లేబుల్ ఎవరి కోసం?

ఈ లెక్క నేర్చుకున్నాక హుషారుగా ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, ప్యాకెట్ వెనక చదివి కొను" అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, "నాకు ఇంగ్లీష్ రాదు గదరా" అంది.

నాకు సిగ్గేసింది. పంతొమ్మిదేళ్లుగా అదే ఇంట్లో ఉన్నాను, ఈ చిన్న విషయం తట్టలేదు.

రూల్ ఏంటంటే, లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. వేరే భాషలో అదనంగా రాసుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ రాయాలని ఎవరూ అనరు కూడా. అందుకే తెలుగులో ప్యాకెట్ మీద పేరు కనిపిస్తుందేమో గానీ, శాచురేటెడ్ ఫ్యాట్ ఎంతో చెప్పే తెలుగు టేబుల్ నాకు ఒక్క ప్యాకెట్ మీద కూడా దొరకలేదు. టీవీ యాడ్ మాత్రం చక్కటి తెలుగులో వస్తుంది. అమ్మేటప్పుడు తెలుగు, చెప్పాల్సినప్పుడు ఇంగ్లీష్.

మా జోగిపేటకి ఒక చరిత్ర ఉంది, చాలామందికి తెలీదు. 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొట్టమొదటి సమావేశం జరిగింది మా ఊళ్లోనే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసే రోజుల్లో, మన భాషకి చోటు కావాలని వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ కూర్చున్నారు. అదే ఊళ్లో, ఇన్నేళ్ల తర్వాత, మా అమ్మ తన భర్త గుండెకి సంబంధించిన సమాచారాన్ని తన భాషలో చదవలేకపోతోంది. తెలుగు భాష అంటే పద్యాలు, కవితల వరకే అని నేను అనుకునేవాణ్ణి. బిస్కెట్ ప్యాకెట్ వెనక కూడా ఉండాల్సిందే అని ఇప్పుడు అనిపిస్తోంది.

వేరే దేశాల్లో దీనికి ఇంకో దారి వెతికారు. చిలీలో 2016 నుంచి శాచురేటెడ్ ఫ్యాట్, చక్కెర, ఉప్పు, కేలరీలు ఎక్కువున్న ప్యాకెట్ల ముందువైపు నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేస్తున్నారు. ట్రాఫిక్ స్టాప్ బోర్డులా ఉంటుంది. చదువు తక్కువున్న వాళ్లకి కూడా చూడగానే తెలుస్తుంది. మన దగ్గర 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ స్టార్ రేటింగ్ పెడదామని డ్రాఫ్ట్ తెచ్చింది, అర స్టార్ నుంచి ఐదు స్టార్ల దాకా. దీనిమీద చాలామంది అభ్యంతరం చెప్పారు. స్టార్ అంటే మనకి మెచ్చుకోలు. ఒక్క స్టార్ ఉన్నా "ఫర్వాలేదు, ఒకటి వచ్చింది" అనుకుంటాం. ప్రమాదం చెప్పాలంటే హెచ్చరిక గుర్తే ఉండాలి అని వాళ్ల వాదన. నాకు కూడా అదే కరెక్ట్ అనిపించింది.

మరి ఏం తినాలి?

"అన్నీ వద్దంటే గాలి తిని బతకాల్నా?" అని డాడీ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నైట్ డ్యూటీ మనిషికి మధ్యరాత్రి ఆకలి నిజం. ఐదు రూపాయల ప్యాకెట్ చవక, జేబులో పడుతుంది, చెడిపోదు. అది తీసేస్తే ఆ స్థానంలో ఇంకోటి పెట్టాలి. అదీ చవగ్గా ఉండాలి.

జవాబు మా చుట్టుపక్కలే ఉంది. వేయించిన పల్లీలు, పుట్నాలు, మక్క పేలాలు, ఉడకబెట్టిన శనగ గుడాలు. పల్లీల్లో కొవ్వు సగం దాకా ఉంటుంది కదా అని మీరు అడగొచ్చు. నిజమే, గుప్పెడుతో ఆపాలి. కానీ అందులో ఎక్కువ భాగం అన్‌శాచురేటెడ్, పైగా ప్రోటీన్, పీచు కూడా వస్తాయి. మా జిల్లాలో కుసుమలు ఎప్పటి నుంచో పండిస్తారు. నాయనమ్మ చిన్నప్పుడు ఇంట్లో కుసుమ నూనెనే అట. ఆమెకి శాచురేటెడ్ అన్న మాట తెలీదు, నూనె మాత్రం కరెక్టుగా వాడింది.

పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఉంది కదా, 1972లో మొదలైన పరిశోధన సంస్థ. బస్సులో దాని గేటు ముందు నుంచి వందసార్లు వెళ్లి ఉంటాను. అక్కడి సైంటిస్టులు, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ వాళ్లు కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 అనే పల్లి రకాలు తెచ్చారు. 2020లో విడుదలయ్యాయి. వీటి నూనెలో ఓలిక్ ఆసిడ్ 80 శాతం దగ్గర ఉంటుంది, మామూలు పల్లిలో ఉండేదానికన్నా చాలా ఎక్కువ. లాభం ఆరోగ్యానికే కాదు. ఓలిక్ ఎక్కువుంటే నూనె త్వరగా ముక్కిపోదు. అంటే నిలవ ఉండాలని పామాయిల్ వాడే తిండి కంపెనీలకి ఇంకో దారి దొరికినట్టే. నేను రోజూ దాటిపోయే గేటు లోపల ఇలాంటి పని జరుగుతోందని ఈ ఆర్టికల్ కోసం చదివితే గానీ తెలీలేదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కూడా ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. 2024 మేలో వాళ్లు విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 17 సూత్రాలున్నాయి. ప్యాకెట్ లేబుల్ చదవాలన్నది అందులో ఒకటి.

చివరగా

నేను మొదట ఒక యాప్ చేద్దామనుకున్నాను. ప్యాకెట్ వెనక ఫోటో తీస్తే తెలుగులో చదివి చెప్పాలి. సీఎస్ఈ వాళ్లం కదా, ఏ సమస్యకైనా ముందు యాప్ గుర్తొస్తుంది. మెరిసే కవర్, మడతలు, ఆవగింజంత అక్షరాలు, నా కోడ్ "10.0"ని "100" అని చదివింది. దాన్ని అక్కడే ఆపాను. ఇంకా పని చేస్తున్నా.

దాని బదులు ఒక తెల్ల కాగితం మీద పది మాటలు రాశాను. ఎడమవైపు ప్యాకెట్ మీద ఉన్నట్టే ఇంగ్లీష్ అక్షరాలు, కుడివైపు తెలుగులో అర్థం. కింద పెద్దగా "రోజుకి 22" అని రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అమ్మ ఇప్పుడు అక్షరాలు పోల్చి చూసి నంబర్ వెతుకుతుంది. కిరాణా షాపులో కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్ తిప్పుతుంటే షాపతను "ఏందక్కా, ఎక్స్‌పైరీ డేట్ చూస్తున్నవా?" అన్నాడట. "కాదు, నూనె చూస్తున్న" అందట అమ్మ.

డాడీ బ్యాగులో ఇప్పుడు ఒక చిన్న డబ్బాలో పల్లీలు, పుట్నాలు ఉంటున్నాయి. బిస్కెట్లు పూర్తిగా మానలేదు, వారానికి రెండు ప్యాకెట్లకి వచ్చారు. మళ్లీ టెస్ట్ దసరా తర్వాత. కొలెస్టరాల్‌కి వంశం, నిద్ర, నడక ఇలా చాలా కారణాలుంటాయి. డాక్టర్ మందు రాస్తే అది కూడా వేసుకోవాల్సిందే. నంబర్ ఎంతొస్తుందో తెలీదు. కానీ అమ్మ ఇప్పుడు తన వంటని తిట్టుకోవట్లేదు.

మీకు ఒక్కటే రిక్వెస్ట్. ఈ వీకెండ్ ఇంటికి వెళ్తే, ఇంట్లో ఎక్కువగా కొనే మూడు ప్యాకెట్లు తీసుకోండి. వెనకవైపు ఉన్నది మీ అమ్మకో, నాన్నకో, అవ్వకో తెలుగులో చదివి వినిపించండి. మన ఇంగ్లీష్ మీడియం చదువుకి వాళ్లు ఫీజులు కట్టారు. ఒక బిస్కెట్ ప్యాకెట్ చదివి పెట్టడం మనకి పెద్ద పనేం కాదు.